పద్నాలుగో నంబరు రోడ్డు

మా అక్క కుట్టు దుకాణం వెనక గోడను పాడుచేసింది వానలు కాదు, మీరు. వాన రెండు గంటలు పడి తన దారిన తాను పోతుంది. మీరు పంతొమ్మిదేళ్ళుగా ఆ గోడ నెక్కి కూర్చున్నారు, దిగమంటే దిగరు. ఎవరినంటున్నావని అమాయకంగా అడగొద్దు. ప్లానింగ్ ఆఫీసరు గారూ, మిమ్మల్నే. ఛైర్మన్ గారూ, మిమ్మల్ని కూడా. మా వార్డు కౌన్సిలర్ గారూ, వెనక వరసలో తల దించుకోకండి, మిమ్మల్ని ముఖ్యంగా.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను.

మా అక్క టైలరు. రెండు గదుల దుకాణం. ముందు గదిలో కొలతలు, కత్తిరింపు. వెనక గదిలో నాలుగు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. ఎక్కువగా బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి వాళ్ళ కోట్లు. అక్కతో పాటు ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో పెద్దావిడను అందరూ కాజాల పెద్దమ్మ అంటారు. చొక్కాలకు కాజాలు చేత్తో కుడుతుంది. ఆవిడ కుట్టిన కాజా, చొక్కా చిరిగిపోయాక కూడా అలాగే ఉంటుంది. ఆవిడ కళ్ళకు వెనక గోడలో ఉన్న కిటికీ వెలుతురు తప్ప ఇంకేదీ ఆనదు. లైటు కింద కూర్చోమంటే, "లైటు నాతో అబద్ధాలు చెబుతుందే" అంటుంది.

ఆ కిటికీ మూల నుంచే పగులు మొదలైంది. మొదట దారప్పోగంత. తర్వాత కొలత టేపు దూరేంత. ఎండాకాలం సగమయ్యేసరికి నా చిటికెన వేలు దూరింది. గోడ బయటికి పొట్ట పెట్టింది.

మేస్త్రీని పిలిచాం. అతను గోడను అరచేత్తో రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"అక్కా, ఇది గోడ కాదు. ఏదో మొహమాటానికి నిలబడ్డ ఇటుకలు. దించేసి మళ్ళీ కట్టాలి. నాలుగు రోజుల పని. వానల్లోపు అయిపోవాలి."

"అయితే రేపే రా."

"కాగితం ఉందా?"

"ఏం కాగితం?"

"కౌన్సిల్ వాళ్ళ పర్మిషను. పోయినేడు కాగితం లేకుండా ఒకాయనకి ప్రహరీ కట్టానని నా తాపీలు, పారలు, తట్టలు అన్నీ బండిలో వేసుకుపోయారు. తాపీ లేని మేస్త్రీని పెళ్ళాం కూడా మేస్త్రీ అనదక్కా."

సరే, అర్జీ పెట్టాం. నలభై రోజులకు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. సదరు స్థలము దీర్ఘకాలిక నగరాభివృద్ధి ప్రణాళికలో పద్నాలుగవ నంబరు ప్రతిపాదిత రోడ్డు పరిధిలోకి వచ్చుచున్నందున నిర్మాణమునకు అనుమతి నిరాకరించడమైనది. సదరు రోడ్డు పురోగతిలో ఉన్నది.

పురోగతిలో ఉన్నది! నేను ఆ వీధిలోనే పుట్టాను. పైపులు బిగించే పని నాది. ఆ వీధి నేల కింద ఏముందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అక్కడ పురోగతి నేలపైనా లేదు, నేల కిందా లేదు.

ఆ రోడ్డు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చూద్దామని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళి, అచ్చువేసిన నక్షా అడిగి తెచ్చుకున్నాను. అందరూ మాస్టర్ ప్లాన్ అనే పుస్తకంలో చివర అంటించిన నక్షా అది. పద్నాలుగో నంబరు రోడ్డు ఊరికి ఉత్తరం కొసన పాడుబడ్డ గోడౌను దగ్గర మొదలవుతుంది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా దిగుతుంది. అక్క దుకాణం వెనక గదిలోంచి, బడి మరుగుదొడ్లలోంచి, నీళ్ళ ట్యాంకు నడిమధ్యలోంచి పోయి, చెరువులో దిగి, అక్కడే ఆగిపోతుంది.

"చెరువులోకి రోడ్డెందుకురా?" అంది అక్క.

"చేపలు రాకపోకలు సాగించడానికి."

"వెధవ జోకులెయ్యకు. వానలు నెల రోజుల్లో ఉన్నాయి."

ఆ నక్షాలోనే ఇంకో వింత చూశాను. ఆరో నంబరు ప్రతిపాదిత మురుగు కాలవ. అది కూడా తిన్నని గీతే. పల్లంలో ఉన్న సంత వీధి నుంచి మొదలై ఆసుపత్రి గుట్ట ఎక్కుతుంది. ఎక్కి, అవతలికి దిగుతుంది. మురుగు నీళ్ళు గుట్ట ఎక్కడం! పాతికేళ్ళుగా నీళ్ళతోనే నా బతుకు. పంపు పెట్టి నెట్టకుండా నీళ్ళు గుట్ట ఎక్కడం నేను చూడలేదు. అప్పుడు నవ్వుకుని వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

మా కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన అసలు పేరు వార్డులో చాలామంది మరిచిపోయారు. అందరూ 'అలాగే గారు' అంటారు. ఏం చెప్పినా ఆయన నోటి వెంట వచ్చే మాట అదొకటే.

"అయ్యా, గోడ పడేట్టుంది," అంది అక్క.

"అలాగేనమ్మా."

"అలాగే ఏంటండీ? పడమంటారా?"

"అబ్బే, అలా కాదు. నేను మాట్లాడతాను."

"ఎవరితో?"

"అలాగే, అందరితోనూ."

కాజాల పెద్దమ్మ కూడా మాతో వచ్చింది. బయటికొచ్చాక, "ఈయన కన్నా ఆ గోడే నయం. కనీసం ఒక పక్కకి ఒరిగింది," అంది.

నా దగ్గరున్న రెండంగుళాల ఇనప పైపులు మూడు తెచ్చి, బయట సందులోంచి గోడకు దన్నుగా పెట్టాను. పెద్దమ్మను కిటికీ దగ్గర నుంచి లేవమంటే లేవలేదు. బడులు తెరిచే కాలం. కాజాలు ఆగిపోతే చొక్కాలన్నీ ఆగిపోతాయి. "పడితే చప్పుడవుతుంది కదే, లేస్తాలే," అంది. ఆవిడకు కుడి చెవి వినపడదు. గోడ ఆవిడకు కుడి వైపే ఉంది.

అందుకే మేము ప్రగతి సమీక్షకు వెళ్ళాం. ఏడాదికోసారి మాస్టర్ ప్లాన్ ఎంతవరకు వచ్చిందో కౌన్సిల్ హాల్లో చెబుతారు. జనం కూడా రావచ్చని గోడల మీద రాస్తారు కానీ ఎవరూ వెళ్ళరు. మేము వెళ్ళేసరికి హాల్లో కౌన్సిలర్లు, గుమాస్తాలు, టీ గ్లాసులు తప్ప ఇంకెవరూ లేరు.

ప్లానింగ్ ఆఫీసరు లేచి తెర మీద బొమ్మలు వేశాడు. రంగురంగుల నిలువు పట్టీలు. పోయినేడు అరవై మూడు శాతం, ఈ ఏడు డెబ్భై ఒకటి. అందరూ చప్పట్లు కొట్టారు. అలాగే గారు అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్నా ఆలస్యంగా ఆపాడు.

నేను లేచాను. "పద్నాలుగో నంబరు రోడ్డు ఎంత శాతం అయిందండీ?"

ఆయన కాగితాలు తిరగేసి, "నలభై," అన్నాడు.

"నలభై అంటే? ఎంత దూరం వేశారు?"

"వేయడం కాదండీ. పురోగతి అంటే వేయడమే కాదు. సర్వే ప్రతిపాదన పంపాం. దానికి గుర్తుచేస్తూ ఉత్తరం పంపాం. ఆ ఉత్తరానికి మళ్ళీ గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం పంపాం. ఒక్కో దశకి ఇంతని శాతం ఉంటుంది."

"ఉత్తరాలు రాస్తే రోడ్డు నలభై శాతం అయిపోతుందా? అట్లాగైతే నేను కూడా ఒక ఉత్తరం రాసి మా అక్క గోడ సగం కట్టేసుకుంటాను!"

ఎవరో నవ్వారు. ఛైర్మన్ బల్ల మీద గంట కొట్టాడు. "కూర్చోండి. ఇది సభ, సందు చివర కుళాయి కాదు."

"కుళాయి దగ్గరైతే నీళ్ళయినా వస్తాయి!"

నేను ఇంకా చాలా అనేవాణ్ణి. అక్క నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోరా నువ్వు. కాసేపు నోరు మూసుకో." ఆమె కళ్ళు నా మీద లేవు, ఆఫీసరు మీదా లేవు. ఛైర్మన్ కుర్చీ వెనక గోడ మీద ఉన్నాయి.

అక్కడ మాస్టర్ ప్లాన్‌కు మూలమైన పాత నక్షా వేలాడుతోంది. పెద్దది. కాగితాన్ని మందపాటి బట్ట మీద అతికించి చేసిన రకం. పూర్వం వాటిని మడిచి బీరువాలో పెట్టేవాళ్ళట. అక్క లేచి తిన్నగా ఛైర్మన్ కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఏమ్మా, ఏమ్మా అని ఆయన అంటూనే ఉన్నాడు. మెడలో వేలాడే కొలత టేపు తీసి నక్షాకు అడ్డంగా పట్టింది.

"యాభై ఆరు అంగుళాలు," అంది, ఎవరో కొలతలు ఇవ్వడానికి వచ్చి నిలబడ్డట్టు. "పద్నాలుగో నంబరు రోడ్డు ఇదేనా సార్?"

ఆఫీసరు తల ఊపాడు.

"ఇది పద్నాలుగో అంగుళం మీదుంది."

"అయితే?"

"యాభై ఆరులో నాలుగో వంతు పద్నాలుగు. బట్టని నాలుగు మడతలు వేస్తే మూడు గీతలు పడతాయి. పద్నాలుగు, ఇరవై ఎనిమిది, నలభై రెండు." గోటితో ఆ గీతను పైనుంచి కింది వరకు గీరింది. గోటికి నల్లటి మట్టి వచ్చింది. "ఇది సిరా కాదు. మురికి పట్టిన మడత. ఇక్కడ పోగులు కూడా అరిగిపోయాయి, చూడండి. నేను పొద్దస్తమానం చూసేది ఇవే. చాక్ గీతకీ మడత గీతకీ తేడా తెలియకుండా కత్తెర పట్టుకుంటే మా దగ్గర వారంలో పనిలోంచి తీసేస్తాం."

ముందు వరస కౌన్సిలర్లు మెడలు చాచి నక్షా వంక చూశారు.

అప్పుడు నాకు వెలిగింది. ఒక్క ఉదుటున నక్షా దగ్గరికి వెళ్ళాను. "అక్కా, నలభై రెండు చూడు. నలభై రెండో అంగుళం మీద ఏముంది?"

ఆమె టేపు జరిపింది. సంత వీధి. ఆసుపత్రి గుట్ట. ఆరో నంబరు మురుగు కాలవ.

నడి మడత మాత్రం తిన్నగా పోయే పాత మెయిన్ రోడ్డు మీదే పడింది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

నక్షాలు చూసుకునే ముసలి గుమాస్తా ఒకాయన మూలన కూర్చుని ఉన్నాడు. రేపో మాపో రిటైరయ్యేవాడు కాబట్టి కాబోలు, ఆయనకొక్కడికే నోరు వచ్చింది. "పంతొమ్మిదేళ్ళ కింద ఈ నక్షాని కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, నల్లగా కనపడ్డ ప్రతి గీతా గీసెయ్యమని బయటి వాళ్ళకి ఇచ్చాం. కొన్ని గీతలకి పేరు లేకపోతే ప్రతిపాదితం అని రాశారు. పేరు లేనివన్నీ ప్రతిపాదితాలే."

"చూశారా!" అన్నాను. "పంతొమ్మిదేళ్ళుగా మీరు ఒక మడత మీద ఉత్తరాలు రాస్తున్నారు! మడత నలభై శాతం పూర్తయింది!"

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని నక్షా దగ్గరికొచ్చాడు. చాలాసేపు చూశాడు. ఆయన మొహం చూస్తే నాకు ఆశ కూడా కలిగింది.

"మడతే అయ్యుండొచ్చు," అన్నాడు. "కానీ ఆమోదం పొందిన మడత."

"అంటే?"

"ప్రణాళికని సభ ఆమోదించింది, పైవాళ్ళు ఆమోదించారు. అందులో ఉన్నది ఏదైనా తీయాలంటే సవరణ పెట్టాలి. అభ్యంతరాలు పిలవాలి. పై సర్కారుకి పంపాలి. సవరణలు ఐదేళ్ళకోసారే తీసుకుంటారు. పోయినేడే అయిపోయింది."

"మడత తీయడానికి నాలుగేళ్ళా?" అంది అక్క. "ఆ నక్షా నా బల్ల మీద పెట్టండి సార్. రెండు చుక్కలు నీళ్ళు చల్లి ఇస్త్రీ పెట్టె ఒక్కసారి లాగితే పోతుంది."

ఈసారి అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. "ఆ గోడ పక్కన ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని పనిచేస్తున్నారు," అంది. "ఒకావిడకి చెవి వినపడదు."

నవ్వు ఆగింది. ఛైర్మన్ ఆఫీసరు చెవిలో ఏదో అడిగాడు. ఆఫీసరు కాగితం మీద లెక్క వేశాడు. మైకు తెరిచి ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"రోడ్డు, కాలవ రెండిటి కింద చూపించిన పురోగతి తీసేస్తే మొత్తం శాతం ఎంతకొస్తుంది?"

"అరవై ఆరు, సార్."

"డెబ్భై ఒకటి అని పైకి చెప్పేశాం కదయ్యా. ప్రగతి వెనక్కెళ్ళిందని ఎలా రాస్తాం?"

అదీ సంగతి. గోడ కాదు వాళ్ళ బాధ. ఆ ఐదు శాతం.

సభ మినిట్స్ నకలు తర్వాత తెచ్చుకున్నాను. అందులో ఇలా ఉంది: పద్నాలుగవ నంబరు రోడ్డు గురించి ఒక మహిళ విలువైన సూచన చేసినారు. సభ హర్షము వెలిబుచ్చినది. విషయము పరిశీలనలో ఉన్నది. దాని కింద ఇంకో ముక్క. నలభై శాతంగా ఉన్న పద్నాలుగో నంబరు రోడ్డును నలభై రెండు చేశారు. మా అక్క మాట్లాడినందుకు దానికి రెండు శాతం పెరిగింది! ప్రజాభిప్రాయ సేకరణ జరిగినట్టట!

ఆ నకలు చదివి, నేను ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఎంతసేపు తిట్టుకున్నానో నాకే తెలియదు.

సభ జరిగిన పదకొండో రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. పెద్ద వానేం కాదు. కాజాల పెద్దమ్మ చేతిలోంచి దారపు రీలు జారి ఇస్త్రీ బల్ల కిందికి దొర్లింది. ఆవిడ గొణుక్కుంటూ లేచి, వంగి, దాని కోసం నాలుగడుగులు వేసింది. కిటికీ పైనుంచి ఇటుకలు ఆవిడ కూర్చునే స్టూలు మీద పడ్డాయి. స్టూలు రెండు ముక్కలైంది. ఆవిడకు చప్పుడు వినపడలేదు. రీలు పట్టుకుని వెనక్కి తిరిగి, "నా స్టూలెవరు తీశారే?" అంది.

అక్క గోడకు ఆనుకోబోయి, ఏ గోడో గుర్తొచ్చి, నేల మీద కూలబడింది. నేను అంతకు ముందెప్పుడూ ఆమె ఏడవడం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లానింగ్ విభాగానికి వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "గోడ కట్టడానికి పర్మిషను కావాలి, సరే. పడగొట్టడానికి?"

గుమాస్తా పుస్తకం చూశాడు. "పడగొట్టడానికి అక్కర్లేదమ్మా."

అదీ మన చట్టం. కూల్చుకోవచ్చు, కట్టుకోకూడదు. ఆ రోజే ఆమె, పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు, నేను కలిసి గోడను ఒక్కో ఇటుకా దించాం. మేస్త్రీ సందు చివర నిలబడి, ఏ ఇటుక ముందు తీయాలో చెప్పాడు. చేత్తో ముట్టుకోలేదు. "నోటికి పర్మిషను అక్కర్లేదు కదక్కా," అన్నాడు. మంచి ఇటుకలు ఒక పక్క పేర్చి పెట్టాం.

ఇప్పుడు ఆ గదికి మూడు గోడలే. నాలుగో వైపు అక్క లారీల మీద కప్పే మందపాటి గుడ్డ కుట్టి వేలాడదీసింది. వాన ఏటవాలుగా వస్తే గుడ్డ ఆపలేదు. నాలుగు మిషన్లూ ముందు గదిలోకి ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఇరుక్కున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేక వారంగా ఇంటి దగ్గరే ఉన్నారు. బడి యూనిఫారాలు సగం కూడా కాలేదు. బడివాళ్ళు ఇంకో దుకాణం చూసుకుంటామని కబురు పంపారు. అది పోతే దుకాణమే పోతుంది. కాజాల పెద్దమ్మ మాత్రం గుడ్డ పక్కకి తోసి, అదే చోట కొత్త స్టూలు వేసుకుని కూర్చుంటోంది. "వెలుతురుకేం, బ్రహ్మాండంగా ఉంది," అంటుంది. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయని మాత్రం చెప్పదు.

నిన్న అలాగే గారు వచ్చి చూశాడు. లేని గోడ వంక చూసి తల పంకించాడు.

"గోడ ఎప్పుడు కట్టుకోమంటారు?" అంది అక్క.

ఆయన నోరు తెరిచాడు.

"అలాగే అన్నారంటే మాత్రం, ఈ కత్తెర చూశారా, ఇస్త్రీ చొక్కా అని కూడా చూడను."

ఆయన నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇన్నేళ్ళలో జరిగిన అసలైన పురోగతి అదొక్కటే.

ఇక ఉత్తరాలు వద్దు. గుర్తుచేసే ఉత్తరాలు వద్దు. హర్షాలు వద్దు. ఆ గీత నిజంగా రోడ్డే అని మీకు నమ్మకం ఉంటే, సోమవారం పొద్దున పారలు తీసుకుని రండి. గోడౌను దగ్గర మొదలుపెట్టండి, బడి మరుగుదొడ్లు కూల్చండి, నీళ్ళ ట్యాంకు పగలగొట్టండి, చెరువులో దిగండి. మేము ఒడ్డున నిలబడి చూస్తాం. ఆ నమ్మకం లేకపోతే పద్నాలుగో నంబరు కొట్టేయండి. ఆరో నంబరు కూడా కొట్టేయండి. మీ డెబ్భై ఒకటి అరవై ఆరు అవుతుంది, ఎవరూ చావరు. గోడ అర్జీ మళ్ళీ పెట్టాం, మీ బల్ల మీదే ఉంది, పై నుంచి మూడోది. దాని మీద ఒక్క సంతకం కావాలి. సోమవారం పదింటికి అక్క, పెద్దమ్మ, మేస్త్రీ, నేను మీ గుమ్మం ముందుంటాం. మేస్త్రీ తాపీ తెచ్చుకుంటాడు. మీరు పెన్ను తెచ్చుకోండి.